గొడుగు ఇచ్చి తెచ్చుకున్న ఇంటిపేరు

మా ఇంటిపేరేమిటో నేను చెప్పను. చెప్పానంటే ఈ జంషెడ్‌పూర్‌లో ముప్పై ఎనిమిది ఇళ్ళవాళ్ళు నా మీదకి వస్తారు. బర్మామైన్సులో మా ఇల్లు వాళ్ళందరికీ కళ్ళు మూసుకున్నా దొరుకుతుంది. కావాలంటే ఒక్క ఆనవాలు ఇస్తాను. అది వంటింట్లో రోజూ చేతికి తగిలే ఒక వస్తువు పేరు. మీ ఇంట్లోనూ ఉంటుంది. ఇంతకు మించి అడక్కండి.

నేను ఆ ఇంటిపేరులో పుట్టలేదు. ఇరవై ఏడేళ్ళ క్రితం ఖరగ్‌పూర్ నుంచి కోడలిగా వచ్చి అందులో పడ్డాను. కాపరానికి వచ్చిన మూడో రోజున మా మావయ్య ఇడ్లీ తింటూ, సిద్ధగోరాలో మనవాళ్ళ ఇళ్ళు ఎన్నమ్మా అని అడిగారు. నాకు సిద్ధగోరా ఏ దిక్కున ఉందో కూడా తెలియదు. తెల్లముఖం వేశాను. ఆయన నొచ్చుకున్నారు. సాయంత్రం ఒక లావుపాటి నోటుపుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టి, తీరిగ్గా చదువుకోమన్నారు. కొత్త కోడలికి చీర పెట్టేవాళ్ళని చూశాను, నగ పెట్టేవాళ్ళని చూశాను. జనాభా లెక్కలు పెట్టిన మావగారు మాత్రం నాకొక్కదానికే దొరికారు.

ఆ పుస్తకంలో ఊరంతా ఉంది. ఏ పేటలో మా ఇంటిపేరువాళ్ళు ఎన్ని ఇళ్ళు, ఇంటి పెద్ద ఎవరు, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారా, బరంపురం వైపు నుంచా, మగపిల్లలెందరు, ఆడపిల్లల్ని ఎక్కడిచ్చారు, అన్నీ ఉన్నాయి. కద్మాకి ఎర్ర సిరా, సిద్ధగోరాకి ఆకుపచ్చ, మా బర్మామైన్సుకి నీలం. ఎవరైనా పోతే ఆ పేరు మీద కొట్టివేత ఉండదు, పక్కన చిన్న చుక్క ఉంటుంది. ఎవరికైనా బిడ్డ పుడితే మావయ్య ఆ సాయంత్రమే పెన్ను తీసేవారు.

ఇంత శ్రద్ధ ఎందుకంటే, ఈ ఊళ్ళో బయటికెళితే మా తెలుగువాళ్ళకి ఇంటిపేరే ఉండదు. అందరం రావులమే. పాలవాడికి రావ్ జీ, కరెంటువాడికి రావ్ జీ, మా ఎదురింటి బిహారీ ఆవిడకి నేను రావ్ భాభీని. మా అమ్మాయి బళ్ళో చేరినప్పుడు వాళ్ళ టీచరు, తరగతిలో ఉన్న ఆరుగురు రావులూ ఒక్కింటి పిల్లలేనా, మీవాళ్ళకి ఇంతమందా అని నన్ను అడిగింది. కాదని చెప్పడానికి నాకు తలప్రాణం తోకకొచ్చింది. అసలు ఇంటిపేరు వీధిలోకి రాదు. పెళ్ళిలో, చావులో, అప్పుడప్పుడు ముసలమ్మల తగువుల్లో బయటపడుతుంది.

మావయ్య ఆ దాగి ఉన్నదాన్ని వెతికి పట్టుకునేవారు. టాటానగర్ స్టేషన్లో రిజర్వేషన్ కిటికీ వెనక ఆయన ఉద్యోగం. జనం ఫారం నింపి లోపలికి తోస్తే, రావు ముందున్న పొడి అక్షరం మా ఇంటిపేరుదైతే చాలు, టిక్కెట్టు సంగతి పక్కన పెట్టేవారు. ఆ అక్షరం పూర్తిగా ఏమిటి, ఏ ఊరు, తాతగారి పేరేమిటి అని ఆరాలు మొదలు. వెనక లైన్లో ఉన్నవాళ్ళు, బడే బాబూ, చుట్టరికాలు తర్వాత కలుపుకోండి, బండి వెళ్ళిపోతోంది అని హిందీలో మొత్తుకునేవారట. అలా కిటికీలోంచి దొరికిన ఇళ్ళే ముప్పై ఎనిమిదిలో సగం ఉంటాయి.

ఇంటిపేరు పుట్టుక గురించి ఆయనకో సిద్ధాంతం ఉండేది. మా మూలపురుషుడు కళింగ రాజుగారి సైన్యానికంతటికీ వండి వడ్డించాడట, రాజుగారు మెచ్చి ఆ వస్తువునే ఇంటిపేరుగా ఇచ్చారట. రాజుగారి దగ్గర ఇవ్వడానికి ఊళ్ళూ మడులూ లేకపోయాయా మావయ్యా అని నేనంటే, నీకు చరిత్ర తెలీదమ్మా అనేవారు. రిటైరయ్యాక ఆ చరిత్ర తేల్చుకుందామని పుస్తకం చంకన పెట్టుకుని శ్రీకాకుళం వైపు వెళ్ళారు. ఆ ఇంటిపేరువాళ్ళున్న ఊళ్ళన్నీ గాలించారు. అందరూ మర్యాదగా భోజనం పెట్టారు గానీ, ఉద్యోగానికి ఇటు వచ్చేసిన మా ఆయన తాతగారు మాత్రం ఒక్కరికీ గుర్తులేరు. మావయ్య తిరిగొచ్చి, జనానికి జ్ఞాపకశక్తి బొత్తిగా తగ్గిపోయిందని తేల్చేశారు.

పుస్తకంతో ఊరుకున్నారా అంటే లేదు. ఇంటిపేరు పేరున ఒక సంఘం పెట్టి దానికి తానే అధ్యక్షుడయ్యారు. ఏటా చలికాలంలో డిమ్నా చెరువు దగ్గర పిక్నిక్కు. ముప్పై ఎనిమిది ఇళ్ళవాళ్ళూ దుప్పట్లు పరుచుకుని, పూరీలు తింటూ, మనమంతా ఒక్కటే రక్తం అని మావయ్య ఇచ్చే ఉపన్యాసం వినేవాళ్ళం. మా కొంప మునిగింది ఆ పిక్నిక్కులోనే.

అది చెప్పేముందు అప్ప గురించి చెప్పాలి. మావయ్యకి ఆరేళ్ళు పెద్దదైన అక్క. మా వైపు అక్కని అప్ప అంటారు. మావయ్య అలా పిలుస్తారు గనక ఇంటిల్లిపాదికీ ఆవిడ అప్పే. భర్త పోయిన దగ్గర్నుంచీ మా ముందుగదిలో ఉంటుంది. ఎనభై ఆరేళ్ళు. పళ్ళు లేవు గానీ మాటకి పదును తగ్గలేదు. తమ్ముడు ఇంటిపేరు గొప్పలు మొదలుపెడితే మాత్రం ఒక్క మాట మాట్లాడేది కాదు, గోడ వైపు తిరిగి పడుకునేది. ఆవిడ పెళ్ళై వేరే ఇంటిపేరుకి వెళ్ళిపోయింది కదా, ఈ గొడవ ఆవిడకెందుకు అనుకునేదాన్ని.

సంబంధాల విషయంలో మాత్రం మా ఇంట్లో అప్ప మాటే చివరి మాట. నా పెళ్ళిచూపులకి ఖరగ్‌పూర్ వచ్చినప్పుడు, నా చదువూ వంటా ఏమీ అడగలేదు. మా పుట్టింటి ఇంటిపేరు మూడుసార్లు అడిగింది. మా అమ్మ పుట్టింటిది కూడా అడిగింది. ఈవిడకి చెముడు కాబోలు అనుకున్నాను. అంతకు కొన్నాళ్ళ ముందు మా ఆడపడుచుకి సిద్ధగోరా నుంచి బంగారంలాంటి సంబంధం వచ్చిందట. పిల్లాడికి ఉద్యోగం, సొంత ఇల్లు, మంచి పేరు. అప్ప వెళ్ళి చూసి వచ్చి, కుర్రాడికి చెవులు పెద్దవి, వద్దు అంది. చెవులతో కాపరం చేస్తుందా అని మావయ్య నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు. మా ఆడపడుచు ఇప్పటికీ ఎక్కడైనా పెద్ద చెవులవాళ్ళు కనబడితే మొహం అటు తిప్పుకుంటుంది.

ఇక మా కొంప సంగతి. పోయినేటి ముందటేడు పిక్నిక్కులో మా అమ్మాయి గారెలు వడ్డిస్తుంటే, కద్మా నుంచి వచ్చిన ఒక కుర్రాడు పెరుగు గిన్నె పట్టుకుని దాని వెనకాలే తిరిగాడు. గారె తర్వాత పెరుగు వెయ్యాలి కదా అని మేమెవ్వరం పట్టించుకోలేదు. ఏడాదిన్నర తర్వాత, ఒక ఆషాఢం సాయంత్రం, మా అమ్మాయి నా దగ్గర కూర్చుని, పెళ్ళంటూ చేసుకుంటే ఆ పెరుగు గిన్నెవాడినే అంది. కుర్రాడు మంచివాడు. చదువుకున్నాడు, ఇక్కడే ఉద్యోగం. వంక పెట్టడానికి ఏమీ లేదు, ఒక్క ఇంటిపేరు తప్ప.

మావాళ్ళలో గోత్రం ఎవరికీ గుర్తుండదు. పెళ్ళిలో పంతులుగారు అడిగితే నీళ్ళు నములుతాం, ఆయనే ఏదో ఒకటి వేసి కానిస్తారు. మాకు ఇంటిపేరే గీత. ఒకే ఇంటిపేరైతే అన్నాచెల్లెళ్ళ కిందే లెక్క, ముఖాలు ఎప్పుడూ చూసుకోకపోయినా సరే. మా అమ్మాయి ఆ కుర్రాణ్ణి కలిసిందే ఆ లెక్క పుస్తకం పుణ్యాన.

మావయ్యకి చెప్పాను. ఆయన కోప్పడలేదు. అందుకే నాకు భయం వేసింది. పుస్తకం తెచ్చి, ఎర్ర సిరా పేజీ తీసి, ఆ కుర్రాడి పేరు మీద వేలు పెట్టి, వీడు దీనికి వరసకి అన్న అన్నారు. మా అమ్మాయికి తెలుగు వచ్చు గానీ కోపం వస్తే హిందీయే వస్తుంది. "తాతా, వో మేరా భాయ్ నహీఁ హై" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తాతకి అది ప్రాణం. దాని మొదటి పన్ను ఎప్పుడు ఊడిందో కూడా ఆ పుస్తకంలో రాసుకున్న మనిషి. అయినా దిగిరాలేదు. ఎలా దిగుతారు? ముప్పై ఎనిమిది ఇళ్ళకి మనమంతా ఒక్కటే రక్తమని చెప్పిన నోరది. రేపు సంఘం అధ్యక్షుడే మనవరాలిని వరసకి అన్నకిచ్చి చేశాడంటే ఆయన తలెత్తుకోగలరా?

ఇంట్లో మాటలు పడిపోయాయి. మా ఆయన డ్యూటీలో మధ్యాహ్నం బి షిఫ్టు వేయించుకుని చల్లగా జారుకున్నాడు. అమ్మాయి తాతకి కాఫీ ఇవ్వడం మానేసింది, నేనిస్తే ఆయన తాగడం మానేశారు. నాకు ఇద్దరి మీదా ఒళ్ళు మండిపోయేది. మూడు వారాలు ఇలా గడిచాక మావయ్యకి ఒక దివ్యమైన ఆలోచన వచ్చింది. ఆ ఆదివారం రాఖీ పండగ. ఇన్నేళ్ళుగా ఈ హిందీ వాళ్ళ మధ్య ఉండి నేర్చుకున్నది ఆ రోజు ఆయనకి అక్కరకొచ్చింది. కద్మాకి ఫోను చేసి, కుర్రాడి చేతికి మా అమ్మాయి చేత రాఖీ కట్టించేస్తే గొడవే ఉండదు, పంపించండి అన్నారు. వాళ్ళ నాయనమ్మ కూడా ఈ వరసల విషయంలో మావయ్యకి తీసిపోదు. సరే, నేనే తీసుకొస్తాను అందట.

ఆ ఆదివారం పొద్దున్న మా ముందుగదిలో పీట వేశాం. పళ్ళెంలో కుంకుమ, అక్షింతలు, ఒక లడ్డూ, ఎర్ర పూసల రాఖీ. రాఖీ మావయ్యే స్వయంగా కొనుక్కొచ్చారు. కుర్రాడు వాళ్ళ నాయనమ్మ వెనక నడుచుకుంటూ వచ్చాడు. ఆ ఉక్కలో నిండు చేతుల చొక్కా వేసుకుని, రెండు ముంజేతుల గుండీలూ బిగించుకున్నాడు, రాఖీ కట్టడానికి చోటు లేకుండా. నవ్వొచ్చింది గానీ, వాడి ముఖం చూస్తే నవ్వలేకపోయాను. మా అమ్మాయి వంటింటి గుమ్మంలో గోడకి ఆనుకుని నిలబడింది. ఏడవడం లేదు. ఏడ్చినా బాగుండుననిపించింది.

కట్టమ్మా అన్నారు మావయ్య. కుర్రాడు గుండీ విప్పాడు. అప్పటిదాకా గోడ వైపు తిరిగి పడుకున్న అప్ప లేచి కూర్చుంది.

"ఆ తాడు అక్కడెట్టీ గుంటా" అంది మా అమ్మాయితో. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. "ఆళ్ళు అన్నా సెల్లీ కారు. మనది ఆ ఇంటిపేరు కాదు తమ్ముడా."

"ఏటప్పా, ఏటంతన్నావు?" అన్నారు మావయ్య. ముప్పై నాలుగేళ్ళు కిటికీ వెనక కూర్చుని మర్యాదగా మాట్లాడిన మనిషికి ఒక్కసారిగా వాళ్ళమ్మ భాష వచ్చేసింది.

అప్ప మంచినీళ్ళు అడిగి తాగి, చెప్పింది. వాళ్ళ నాన్న ఉద్యోగం కోసం ఈ ఊరు వస్తుంటే రైల్లో ఇంకొకాయన కలిశాడు. ఊళ్ళు వేరు, ఇద్దరికీ అవసరం ఒక్కటే. ఉక్కు కర్మాగారం గేటు ముందు వరసలో నిలబెట్టి భుజాలు నొక్కి చూసి ఎంచుకునే రోజులవి. ఆ రైలాయన భుజాలు నచ్చాయి, అప్ప నాన్నగారివి, అంటే మా తాతగారివి, నచ్చలేదు. ఆయన పేరున హాజరు బిళ్ళ ఇచ్చారు. ఆయన మూడు రోజులు లోపలికెళ్ళి కొలిమి చూశాడు. నాలుగో రోజు, నేనిక్కడ బతకలేను, ఇంటికి పోతాను అని వణికాడు. బయట వాన దంచుతోంది. మా తాతగారి దగ్గర పెళ్ళికి అత్తారు పెట్టిన కొత్త గొడుగు ఉంది. ఆ గొడుగు ఆయన చేతిలో పెట్టి, ఆ బిళ్ళ ఈయన తీసుకున్నారు. గేటు దగ్గర బిళ్ళ మీద నంబరు చూసేవాళ్ళే గానీ ముఖం చూసేవాళ్ళు లేరు. మర్నాటి నుంచి మా తాతగారు ఆ మనిషి అయిపోయారు. పేరూ ఆయనదే, ఇంటిపేరూ ఆయనదే. రిటైరయ్యేదాకా, పోయేదాకా.

రాజుగారూ లేరు, సైన్యమూ లేదు. మా ఇంటిపేరు ఖరీదు ఒక గొడుగు.

అయితే మీ అమ్మ ఎప్పుడూ చెప్పలేదా అని మావయ్యని అడిగితే, ఆయన తల అడ్డంగా ఊపారు. ఎలా చెప్తుంది? మా వైపు పెళ్ళాం మొగుడి పేరు నోటితో అనదు. ఆవిడ ఆయన్ని చచ్చేదాకా ఇదుగో అనే పిలిచింది. రహస్యం దాచడానికి అంతకన్నా మంచి ఆచారం ఇంకేం కావాలి? మావయ్య ఈ ఊళ్ళోనే పుట్టారు, ఆయనకి వినబడిందంతా డ్యూటీ పేరే. అప్ప మాత్రం నాలుగేళ్ళ పిల్లప్పుడు పల్లె నుంచి వచ్చింది. రైలు దిగుతూనే వాళ్ళ నాన్న దాన్ని ఎత్తుకుని, నా పేరు ఇంక ఎక్కడా అనకమ్మా, మరిచిపో అన్నారట. అప్ప మరిచిపోలేదు, అలాగని ఎక్కడా అననూ లేదు. తర్వాత తన పెళ్ళికి తలంటుతూ వాళ్ళమ్మ అసలు ఇంటిపేరు చెవిలో చెప్పి ఒట్టు వేయించుకుందట. మగపిల్లలకి చెప్పకు, ఉద్యోగాలు పోతాయి. కానీ ఆ ఇంటిపేరువాళ్ళతో మాత్రం సంబంధం కలవనివ్వకు, అన్నాచెల్లెళ్ళకి పెళ్ళి చేసిన పాపం మనకొద్దు.

అప్పుడు తెలిసింది అప్ప నా పుట్టింటి పేరు మూడుసార్లు ఎందుకు అడిగిందో. అరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళో రెండు జనాభా లెక్కలు నడుస్తున్నాయి. తమ్ముడు మూడు రంగుల సిరాతో, ఉపన్యాసాలతో, మనది కాని ఇంటిపేరు లెక్క రాసుకుంటున్నాడు. అక్క కాగితం ముక్క లేకుండా, గోడ వైపు తిరిగి పడుకుని, మనదైన దాని లెక్క పెట్టుకుంటోంది. ఆ ఇంటిపేరువాళ్ళు ఈ ఊళ్ళో ఏడు ఇళ్ళు. ఆ ఏడింటి నుంచీ వచ్చిన ప్రతి సంబంధాన్నీ చెవులనో, నడక అనో, నవ్వితే చిగుళ్ళు కనబడతాయనో వంక పెట్టి తప్పించింది.

అసలు ఇంటిపేరేమిటో అప్ప పైకి చెప్పింది. కద్మా నాయనమ్మ ఉలిక్కిపడింది. అది ఆవిడ పుట్టింటిపేరు.

"అయితే మా మేనల్లుడి సెవులు పెద్దవన్నది నువ్వేనా?" అంది.

అప్ప తల దించుకుంది. సెవులు బాగానే ఉన్నాయి, నానేటి సెయ్యను అంది మెల్లగా. ఆ ఒక్క మాటతో కద్మావాళ్ళకి ఇంక సాక్ష్యం అక్కర్లేకపోయింది. పెళ్ళి కోసం కట్టిన కథ అయితే, ముప్పై ఏళ్ళ క్రితమే ఆ చెవులకి వంక పెట్టి ఉండరు కదా. నాయనమ్మ కాసేపు ముక్కున వేలేసుకుని కూర్చుంది. తర్వాత, అయితే వీడు దీనికి బావే అవుతాడు అంటూ పళ్ళెంలో లడ్డూ తీసి, సగం మనవడి నోట్లో, సగం మా అమ్మాయి నోట్లో పెట్టింది. కుర్రాడు ముంజేతి గుండీలు రెండూ విప్పేసి చేతులు మోచేతుల దాకా మడుచుకున్నాడు. మా అమ్మాయి అప్పుడు ఏడ్చింది.

మేమంతా ఆ సంబరంలో ఉండి మావయ్యని మరిచిపోయాం. ఆయన పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. తర్వాత అక్క వైపు తిరిగారు.

"అప్పా, మరి నలభై ఏళ్ళ నుంచీ నాను ఎవులికి పిండం పెడతన్నాను?"

నిజమే. ఏటా సువర్ణరేఖ ఒడ్డున తడి పంచెతో కూర్చుని, ఆ పేరూ ఆ ఇంటిపేరూ చెప్పి ఆయన వదిలిన నువ్వులూ నీళ్ళూ అన్నీ గొడుగు వేసుకుని పారిపోయిన మనిషికి చేరాయి. సొంత తండ్రికి ఒక్క మెతుకు పెట్టలేదు. రిటైరయ్యాక అయినా చెప్పకపోయావా అని ఆయన అడిగితే, నువ్వు పుస్తకం పట్టుకుని అంత సరదాగా తిరుగుతుంటే నోరు రాలేదురా అంది అప్ప. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు ఆ పూటంతా.

వారం తిరక్కుండా మావయ్య సంఘాన్ని పిలిచి, ఉన్నదున్నట్టు చెప్పి, అధ్యక్ష పదవి వదిలేస్తున్నానన్నారు. వాళ్ళు గుసగుసలాడుకుని, మా ఇళ్ళలో ఎవరెవరికి ఏమవుతారో మీకు తప్ప ఎవరికీ తెలీదు, ఉండిపొండి అన్నారు. అలా మా మావయ్య తనది కాని ఇంటిపేరుకి ఇప్పటికీ అధ్యక్షుడే. రెండో నోటుపుస్తకం కూడా మొదలైంది. అందులో మొదటి పేజీలో సిద్ధగోరా చెవుల ఇల్లు ఉంది.

మహాలయ పక్షాల్లో మళ్ళీ నదికి వెళ్ళారు. ఈసారి అప్ప దగ్గర కూర్చుని వాళ్ళ నాన్న అసలు పేరు అడిగి తెలుసుకుని వెళ్ళారు. అప్ప అది ఆయన చెవిలోనే చెప్పింది, మాకెవ్వరికీ వినబడలేదు. తండ్రికి పెట్టాక, ఇంకో ముద్ద తీసి ఆ పాత పేరున కూడా పెట్టారట. ఆయనకెందుకు మావయ్యా అంటే, ఇన్నాళ్ళూ పెట్టించుకున్నాడు కదమ్మా, ఒక్కసారి మానేస్తే ఎదురుచూస్తాడు అన్నారు.

పెళ్ళి మాఘంలో, పగటి ముహూర్తం. పెళ్ళికొడుకు కాశీకి పోతానని అలిగే తంతుకి గొడుగు ఆడపెళ్ళివారే ఇవ్వాలి. మావయ్య స్వయంగా బజారంతా తిరిగి, కర్ర పిడి ఉన్న నల్ల గొడుగు కొనుక్కొచ్చారు. ఒక గొడుగిచ్చి ఇంటిపేరు తెచ్చుకున్నాం, ఇంకో గొడుగుతో పిల్లని కూడా పంపిస్తున్నాం అన్నాను నేను. మా అమ్మాయికి ఆధార్ కార్డులో ఒక్క అక్షరం మార్చే పని లేకపోయింది. మా ఇంట్లో ఇన్ని తరాల్లో ఆ ఇంటిపేరు న్యాయంగా వచ్చింది దానికొక్కదానికే.

కన్యాదానం ముందు పంతులుగారు మైకు పట్టుకుని ప్రవర మొదలుపెట్టారు. ఫలానా ఇంటిపేరువారు, ఫలానావారి మునిమనవరాలు, ఫలానావారి మనవరాలు, ఫలానావారి కూతురు అని మూడు తరాలు చెప్పాలి. ముందు ఇంటిపేరు, ముత్తాతగారి పేరు చెప్పండి అన్నారు. మావయ్య లేచి నిలబడ్డారు. ఎదురుగా ముప్పై ఎనిమిది ఇళ్ళవాళ్ళూ కుర్చీల్లో ఉన్నారు, వెనక వరసలో మా రెండో పుస్తకంవాళ్ళు కొందరు ఉన్నారు. మావయ్య మైకు తీసుకుని, అసలు ఇంటిపేరు చెప్పి, తండ్రి పేరు చెప్పారు. ఆ పేరు నేను అప్పుడే మొదటిసారి విన్నాను. మా ఆయన కూడా అప్పుడే విన్నాడు. ఆయన తాత పేరు.

పంతులుగారు మంత్రం ఎత్తుకోబోయారు. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో ఉన్న అప్ప చెయ్యెత్తింది.

"ఆగండి బాబూ. తమ్ముడా, ఇంకోపాలి సెప్పు."

మావయ్య మళ్ళీ చెప్పారు. అప్ప కళ్ళు మూసుకుని వింది. పల్లెలో ఉండగా నాలుగేళ్ళప్పుడు విన్న తర్వాత, ఆ పేరు నలుగురిలో ఎవరైనా పైకి అనగా ఆవిడ వినడం అదే. పంతులుగారు గడియారం చూసుకున్నారు గానీ తొందరపెట్టలేదు. ఇంకోపాలి అంది అప్ప.

మావయ్య మైకు నా చేతికిచ్చేశారు. గొంతు సవరించుకుని, ఎక్కడో పొలంలో దూరంగా ఉన్న మనిషిని అన్నానికి పిలిచినట్టు, వాళ్ళ నాన్నని పేరు పెట్టి గట్టిగా పిలిచారు.

అప్ప తలూపింది. "అలగే పిలిసేది మా నాయనమ్మ" అంది.